కీటకం ఒంట్లో నల్ల మచ్చ: పరాన్నజీవులపై రక్తకణాల పోరు

క్లుప్తంగా: కీటకాలకు మనుషులకు ఉన్నట్టు ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) లేవు. వాటి రక్తకణాలే చిన్న పరాన్నజీవులను మింగేస్తాయి, పెద్దవాటి చుట్టూ పొరలుగా పేరుకుని నల్లటి గూట్లో బంధిస్తాయి. పరాన్నజీవిని పోల్చుకోవడంలో కొన్ని గంటలు ఆలస్యమైతే పోరు చేజారుతుంది. అందుకే కీటకాల మీద బతికే కందిరీగలు, నులిపురుగులు, శిలీంధ్రాలు చాలావరకు ఈ కణాల కళ్లు కప్పడానికో, వాటిని నిర్వీర్యం చేయడానికో అలవాటు పడ్డాయి.

కందిరీగ గుడ్డు పెట్టిన పండ్ల ఈగ లార్వాను రెండు మూడు రోజుల తర్వాత సూక్ష్మదర్శిని కింద చూస్తే, పారదర్శకమైన చర్మం వెనుక ఒక నల్లటి మచ్చ కనిపించవచ్చు. తొలిచూపులో అది జబ్బు గుర్తులా ఉంటుంది. నిజానికి ఆ లార్వా గండం గట్టెక్కిందనడానికి అదే ఆధారం. నలుపు లోపల ఉన్నది కందిరీగ గుడ్డు. దాన్ని చుట్టుముట్టి బిగించినవి లార్వా రక్తకణాలు. గుడ్డు పడ్డా మచ్చ రాని లార్వాకే అసలు ముప్పు. దాని లోపల కందిరీగ పిల్ల పెరుగుతూ ఉంటుంది. చివరికి ప్యూపాలోంచి ఈగ రావలసిన చోట కందిరీగ బయటికి వస్తుంది.

మలేరియా దోమల జన్యువులను మార్చే ప్రయత్నాలు, పంట పురుగులను సహజ శత్రువులతో అదుపు చేసే పద్ధతులు చర్చకు వచ్చినప్పుడల్లా పొంతన లేని రెండు మాటలు వినిపిస్తాయి. కీటకాలకు రోగనిరోధక శక్తే లేదనేది ఒకటి. అవి దేన్నైనా తట్టుకుంటాయనేది మరొకటి. ఒకసారి సోకిన క్రిమిని గుర్తుపెట్టుకుని దానికి తగిన ప్రతిరక్షకాలను తయారు చేసే ఏర్పాటు వాటికి లేదన్నది నిజమే. పుట్టుకతో వచ్చే రక్షణ మాత్రం వాటికి పుష్కలంగా ఉంది. పరాన్నజీవి విషయానికి వస్తే ఆ రక్షణలో పెద్ద భారం రక్తకణాల మీదే పడుతుంది.

ఆక్సిజన్ మోయని రక్తం

కీటకాల రక్తాన్ని హీమోలింఫ్ అంటారు. అది నాళాల్లో బందీగా ప్రవహించదు. వీపు వెంబడి సాగే ఒక గొట్టం దాన్ని తల వైపు నెడుతుంది. అక్కడి నుంచి అది శరీర కుహరంలోకి వచ్చి అవయవాలన్నింటినీ నేరుగా తడుపుతుంది. ఆక్సిజన్‌ను కణజాలాలకు చేర్చే పని వాయునాళాలది కాబట్టి, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఈ రక్తంలో హీమోగ్లోబిన్ ఉండదు. దాని రంగు లేత పసుపో, లేత ఆకుపచ్చో.

దీనివల్ల రెండు పర్యవసానాలు ఉన్నాయి. ఆక్సిజన్ మోసే పని లేని రక్తకణాలు గాయాలు పూడ్చడానికి, చచ్చిన కణాలను ఊడ్చేయడానికి, చొరబాటుదారులను ఎదుర్కోవడానికి అంకితమయ్యాయి. రెండోది పరాన్నజీవికి కలిసొచ్చే అంశం: చర్మాన్నో, పేగు గోడనో ఒక్కసారి దాటితే చాలు, శరీరమంతా దానికి తెరిచిన మైదానమే. కాబట్టి అక్కడ గస్తీ తిరిగే కణాలు ఎంత త్వరగా స్పందిస్తాయన్నది కీటకానికి చావుబతుకుల సమస్య.

ఈ కణాలను హీమోసైట్లు అంటారు. పండ్ల ఈగ డ్రోసోఫిలా లార్వాలో వీటిలో దాదాపు 95 శాతం ప్లాస్మటోసైట్లు. ఇవి మింగే కణాలు. మిగిలిన కొద్ది శాతం స్ఫటిక కణాలు. నలుపెక్కించే ఎంజైముల నిల్వ వీటిలో ఉంటుంది. లామెల్లోసైట్లు అనే మూడో రకం ఆరోగ్యంగా ఉన్న లార్వాలో దాదాపుగా కనిపించదు. సీతాకోకచిలుకలు, చిమ్మటల గొంగళిపురుగుల్లో పని విభజన వేరు: అక్కడ గ్రాన్యులోసైట్లు మింగుతాయి, ప్లాస్మటోసైట్లు గూడు కడతాయి. ఈగలోని ప్లాస్మటోసైటు గురించి చెప్పిన మాటను గొంగళిపురుగులోని ప్లాస్మటోసైటుకు వర్తింపజేస్తే పొరబాటే. ఈ విషయంపై రాసిన చాలా కథనాలు తికమకగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

మింగడమా, బంధించడమా

కణాలు పరాయి పదార్థాన్ని మింగి అరిగించుకుంటాయన్న ఊహ వెన్నెముక లేని జీవులను గమనిస్తుండగానే పుట్టింది. 1882లో రష్యన్ జంతుశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనాలో నక్షత్ర చేప లార్వాల్లో ముళ్లు గుచ్చి, వాటి చుట్టూ కణాలు మూగడం చూశాడు. తర్వాత డాఫ్నియా అనే చిన్న నీటి జీవిలో శిలీంధ్ర బీజాలను కణాలు దిగమింగే తీరును వర్ణించాడు. ఆ పరిశీలనల మీద నిలబడ్డ కణభక్షణ సిద్ధాంతమే 1908లో పౌల్ ఎర్లిక్‌తో కలిపి అతనికి నోబెల్ బహుమతి తెచ్చింది.

అయితే మింగడానికి ఒక హద్దు ఉంది. రక్తకణం వెడల్పు సుమారు 10 మైక్రోమీటర్లు. బ్యాక్టీరియా, ఈస్టు, ఏకకణ పరాన్నజీవి అందులో ఇముడుతాయి. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో వచ్చిపడితే కణాలు వాటితో కలిసి గుంపుకట్టి చిన్న చిన్న ముడులుగా గట్టిపడతాయి. కందిరీగ గుడ్డో, నులిపురుగో అయితే రక్తకణం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే: వందలాది కణాలు కలిసి దాని చుట్టూ గోడ కట్టడం.

గుడ్డు పడ్డాక రెండు రోజులు

ఈ గోడ కట్టే తీరు అన్నిటికంటే స్పష్టంగా తెలిసింది డ్రోసోఫిలా లార్వాలోనే. లెప్టోపిలినా జాతి కందిరీగ తన సూది లాంటి అవయవాన్ని లార్వాలోకి దింపి, శరీర కుహరంలో గుడ్డు వదులుతుంది. తిరుగుతున్న ప్లాస్మటోసైట్లలో కొన్ని కొద్ది గంటల్లోనే గుడ్డుకు అంటుకుంటాయి. వాటంతట అవి ఆ గుడ్డును చంపలేవు. సహాయం కోరే సంకేతాలు మాత్రం అక్కడి నుంచే మొదలవుతాయి.

ఆ సంకేతాలు చేరే చోటు లింఫ్ గ్రంథి. లార్వా వీపు గొట్టాన్ని ఆనుకుని ఉండే ఈ చిన్న అవయవంలో ఇంకా ఏ రకంగానూ మారని కణాలు నిల్వ ఉంటాయి. గ్రంథి వెనుక భాగంలోని ఒక చిన్న కణాల గుంపు ఈ నిల్వను ఎప్పుడు వాడాలో నిర్ణయిస్తుంది. కందిరీగ గుడ్డు పడగానే ఆ గుంపులో చురుకైన ఆక్సిజన్ అణువుల మోతాదు పెరుగుతుంది. అవి స్పిట్జ్ అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేయిస్తాయి. దాని ప్రభావంతో నిల్వ కణాలు లామెల్లోసైట్లుగా మారతాయి. మామూలుగా ప్యూపా దశ మొదలయ్యేటప్పుడు చెదిరిపోవాల్సిన గ్రంథి ముందుగానే విచ్చిపోయి కణాలను రక్తంలోకి వదిలేస్తుంది. చర్మం లోపలి వైపు అంటుకుని ఉన్న ప్లాస్మటోసైట్లు కొన్ని కూడా విడివడి, తమ రూపం మార్చుకుని లామెల్లోసైట్లవుతాయి. అంటే అవసరం వచ్చినప్పుడే తయారయ్యే కణాలు ఇవి. అప్పటికప్పుడు, రెండు చోట్ల నుంచి.

లామెల్లోసైటు ప్లాస్మటోసైటు కంటే చాలా పెద్దది, పలచనిది, బల్లపరుపుగా ఉంటుంది. ఇలాంటి కణాలు గుడ్డు మీద ఒకదానిపై ఒకటి ఉల్లిపొరల్లా పరుచుకుని గట్టిగా అతుక్కుంటాయి. ఆ తర్వాత స్ఫటిక కణాలు పగిలి ప్రోఫినోలాక్సిడేజ్ అనే ఎంజైమును వదులుతాయి. లామెల్లోసైట్లకు తమదైన మరో రకం ప్రోఫినోలాక్సిడేజ్ కూడా ఉంది. ఈ ఎంజైము మొదట నిద్రాణ స్థితిలో ఉంటుంది. ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు వరుసగా ఒకదాన్నొకటి మేల్కొల్పి చివరికి దీని ముక్క కోస్తేనే పని మొదలుపెడుతుంది. అప్పుడది టైరోసిన్ లాంటి ఫినాలిక్ పదార్థాలను క్వినోన్లుగా మారుస్తుంది, ఆ క్వినోన్లు కలిసి మెలనిన్ అవుతాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే నలుపు అదే.

మెలనిన్ కంటే దాని తయారీలో పుట్టే క్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి పదార్థాలే ఎక్కువ ప్రమాదకరమైనవి. అవి దగ్గరలోని ఏ కణాన్నైనా చంపగలవు, కీటకం సొంత కణాలను కూడా. అందుకే ఈ గొలుసు చర్యను సెర్పిన్లు అనే నిరోధక ప్రోటీన్లు నిరంతరం పట్టి ఉంచుతాయి. కణాలు ముందు గూడు కట్టి, ఆ తర్వాతే నలుపెక్కించడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది: విషం గూటి లోపలే ఉండాలి.

గొంగళిపురుగుల్లో అంచెలు కొంచెం వేరు. సోయాచిక్కుడు ఆకులు తినే ఒక గొంగళిపురుగు మీద జరిగిన పరిశోధనల ప్రకారం ముందు గ్రాన్యులోసైట్లు వస్తువుకు అంటుకుంటాయి. వాటి నుంచి వెలువడే ఒక చిన్న పెప్టైడు, కేవలం 23 అమైనో ఆమ్లాల పొడవున్నది, అప్పటిదాకా తేలుతూ తిరిగే ప్లాస్మటోసైట్లను ఒక్కసారిగా జిగురు పట్టిస్తుంది. అవి పొరలు పొరలుగా చేరతాయి. చివరగా మరో వరస గ్రాన్యులోసైట్లు బయటి నుంచి కప్పి గూడు కట్టడం ఆపుతాయి. 1997లో గుర్తించిన ఈ పెప్టైడు, కణాలు అతుక్కోవాలా వద్దా అన్నది ఎంత చిన్న అణువు చేతిలో ఉందో చూపించింది.

పరాయిదని ఎలా తెలుస్తుంది?

ఈ రంగంలో అన్నిటికంటే కఠినమైన ప్రశ్న ఇదే. బ్యాక్టీరియా గోడల్లో పెప్టిడోగ్లైకాన్, శిలీంధ్రాల గోడల్లో బీటా గ్లూకాన్ ఉంటాయి. అవి కీటకం ఒంట్లో ఉండవు కాబట్టి కనిపెట్టడం తేలిక. కందిరీగ మాత్రం స్వయంగా కీటకమే. దాని గుడ్డు ఉపరితలంలో అలాంటి బహిరంగ ముద్ర ఏదీ ఉన్నట్టు తేలలేదు.

బలంగా నిలిచిన వివరణ ఒకటుంది. కీటకం సొంత అవయవాలన్నిటి మీదా ఆధార త్వచం అనే పలచని పొర ఉంటుంది. రక్తకణాలు వెతికేది శత్రువు గుర్తు కోసం కాకుండా ఈ సొంత గుర్తు లేకపోవడం కోసం కావచ్చు. దీనికి ప్రయోగాధారం ఉంది: డ్రోసోఫిలాలో కొవ్వు కణజాలం మీది ఆధార త్వచాన్ని, కణాల అతుకులను దెబ్బతీసినప్పుడు లామెల్లోసైట్లు ఆ సొంత కణజాలాన్నే చుట్టుముట్టి నల్లబరిచాయి. గుడ్డు పెట్టేటప్పుడు కందిరీగ చేసే గాయం కూడా ఒక హెచ్చరికే.

డిస్కామ్ అనే ప్రోటీన్ గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. డ్రోసోఫిలాలో దీని ఒక్క జన్యువు నుంచే వేర్వేరు కూర్పులతో 38,016 రూపాలు రావచ్చు. నాడీకణాలకు అవసరమైన ఈ ప్రోటీన్ రక్తకణాల్లోనూ ఉంది. దాన్ని తగ్గిస్తే బ్యాక్టీరియాను మింగే సామర్థ్యం తగ్గుతుంది. ఇన్ని రూపాలున్నంత మాత్రాన ఇది మన ప్రతిరక్షకాలకు సాటి అనడం తొందరపాటు. ఏ రూపం ఏ శత్రువును పడుతుందన్న వాదన ఇంకా తెగలేదు.

దోమలో కథ వేరు

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం దోమలో గడిపే కాలం చాలావరకు రక్తకణాలకు నేరుగా దొరకని చోటే సాగుతుంది. దోమ రక్తం పీల్చిన ఒక రోజుకు ఊకినేట్ దశలోని పరాన్నజీవి పేగు గోడ కణాలను చీల్చుకుని అవతలి వైపు చేరుతుంది, అక్కడ ఊసిస్ట్ అనే తిత్తిలాంటి దశగా స్థిరపడుతుంది. ఈ దాటే క్రమంలోనే అత్యధిక నష్టం జరుగుతుంది. వేల సంఖ్యలో మొదలైనవాటిలో గట్టెక్కేవి ప్రకృతిలో సాధారణంగా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఆ నష్టానికి ముఖ్య కారణం టెప్1 అనే ప్రోటీన్. మన రక్తంలో క్రిములకు అంటుకుని వాటిని దెబ్బతీసే ప్రోటీన్ల ఏర్పాటుకు (కాంప్లిమెంట్ వ్యవస్థ) దూరపు చుట్టమైన ఇది హీమోలింఫ్‌లో తిరుగుతూ ఊకినేట్‌కు అంటుకుని దాన్ని ఛిద్రం చేస్తుంది. రక్తకణాలు ఇక్కడ పరాన్నజీవిని ముట్టుకోవు. పరాన్నజీవి గాయపరిచిన పేగు కణాల దగ్గరకు వచ్చి సూక్ష్మమైన తిత్తులను వదులుతాయి. ఆ తిత్తులు లేకపోతే టెప్1 సరిగా పనిచేయదని 2017లో వెలువడిన పరిశోధన చూపింది. డ్రోసోఫిలాలో గోడ కట్టే కణం, దోమలో దూరం నుంచి రసాయన దాడిని రాజేసే కణమైంది. దోమల్లో లామెల్లోసైట్లు లేనే లేవు.

దోమ రక్తకణాలకు మరో గుణం ఉంది. ఆఫ్రికాలో మలేరియాను మోసే అనాఫిలిస్ గాంబియే దోమ ఒకసారి ప్లాస్మోడియం బారిన పడితే, తర్వాతి సోకును మరింత గట్టిగా అడ్డుకుంటుంది. పరాన్నజీవి పేగును చీల్చినప్పుడు పేగులోని బ్యాక్టీరియా కణజాలాన్ని తాకడం, దానివల్ల రక్తంలో గ్రాన్యులోసైట్ల వాటా పెరగడం ఇందుకు మూలమని 2010లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. జ్ఞాపకం అనదగినది ఇందులో ఉంది కానీ, అది ఫలానా క్రిమికి ప్రత్యేకమైన జ్ఞాపకం కాదు. మొత్తం రక్తకణాలను సన్నద్ధంగా ఉంచే స్థితి.

నలుపెక్కడం దోమల్లోనూ ఉంది. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన రోనాల్డ్ రాస్ 1898లో దోమల్లో చూసి ఆశ్చర్యపోయిన నల్లటి బీజాల్లాంటి వస్తువులు మెలనిన్ పట్టిన పరాన్నజీవి అవశేషాలేనని తర్వాత అర్థమైంది. 1986లో ప్రయోగశాలలో ఎంపిక చేసి పెంచిన ఒక అనాఫిలిస్ వంశం ప్లాస్మోడియంను దాదాపు పూర్తిగా నల్లబరిచి చంపింది. ఫైలేరియా పురుగుల విషయంలో ఒక పోలిక మరీ ఆసక్తికరం. ఆర్మిజెరెస్ సబాల్బేటస్ అనే దోమ, బోదకాలు తెచ్చే బ్రూజియా మలయి పిల్లపురుగులను చకచకా నల్లబరుస్తుంది. ఆ పురుగుకు దగ్గరి బంధువైన బ్రూజియా పహంగిని మాత్రం పెరగనిస్తుంది. అదే దోమ, అవే కణాలు. రెండు పురుగుల్లో తేడా ఉన్నది అవి గుర్తింపుకు దొరికే తీరులో.

పరాన్నజీవుల ఎత్తులు

అన్నిటికంటే సులువైనది దాక్కోవడం. అసోబారా టాబిడా కందిరీగ గుడ్డు జిగటగా ఉండి కొవ్వు కణజాలానికో, పేగుకో అతుక్కుపోతుంది; దాని చుట్టూ గూడు పూర్తి కాదు. మెటారైజియం శిలీంధ్రం కీటకం రక్తంలోకి చేరగానే ఒక కొల్లాజెన్ లాంటి ప్రోటీన్‌తో తనను కప్పుకుని, తనను పట్టించే బీటా గ్లూకాన్‌ను మరుగుపరుస్తుంది.

రెండో మార్గం కణాలను చెడగొట్టడం. లెప్టోపిలినా హెటరోటోమా గుడ్డుతో పాటు వదిలే కణికలు లామెల్లోసైట్లను చంపేస్తాయి. దాని సోదర జాతి బౌలార్డి విషంలోని ఒక ప్రోటీన్ లామెల్లోసైట్ల ఆకారాన్ని పాడుచేస్తుంది. బల్లపరుపుగా పరుచుకోలేని కణం గోడకు పనికిరాదు.

వీటన్నిటిలో విస్మయం కలిగించేది వైరస్ వాడకం. వేలాది జాతుల కందిరీగలు తమ అండాశయంలో వైరస్ కణికలను తయారు చేసి, గుడ్డుతో కలిపి గొంగళిపురుగులోకి ఎక్కిస్తాయి. శుభ్రంగా కడిగిన గుడ్లను మాత్రమే ఎక్కిస్తే రక్తకణాలు వాటిని బంధించాయి, శుద్ధి చేసిన వైరస్‌ను జోడిస్తే గుడ్లు బతికాయి. 1981లో ప్రచురితమైన ఈ ప్రయోగం అసలు దోషి ఎవరో తేల్చేసింది. బ్రాకోవైరస్‌లు అనే తెగ సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట ఒక కందిరీగ జన్యువుల్లో కలిసిపోయిన వైరస్ సంతతి. ఇవి గొంగళిపురుగులో వృద్ధి చెందవు. జన్యువులను మాత్రం రక్తకణాల్లోకి చేరుస్తాయి. మైక్రోప్లైటిస్ డెమోలిటర్ కందిరీగ వైరస్‌లో ఒక జన్యువు కణాల అతుక్కునే గుణాన్ని పోగొడుతుంది, ఇంకొకటి మెలనిన్ గొలుసు చర్యను మధ్యలో తెంచుతుంది. గూడు, నలుపు రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

ఏ మాత్రం బంధుత్వం లేని పరాన్నజీవులు ఒకే చోట దెబ్బ కొట్టడం కూడా గమనించదగ్గది. రక్తకణాలు గుంపుకట్టడానికి ఐకోసనాయిడ్లు అనే సంకేత పదార్థాలు అవసరం. వాటి తయారీకి ఫాస్ఫోలిపేజ్ ఎ2 అనే ఎంజైము తొలి మెట్టు. స్టైనర్‌నీమా నులిపురుగు తనతో మోసుకొచ్చే జీనోరాబ్డస్ బ్యాక్టీరియా ఈ మెట్టునే అడ్డుకుంటుంది. లాటిన్ అమెరికాలో రోడ్నియస్ నల్లిలో బతికే ట్రిపనోసోమా రాంజెలీ అనే ఏకకణ పరాన్నజీవి ప్రభావమూ ఈ దారి మీదే పడుతుంది. అది రక్తంలో, రక్తకణాల లోపల కూడా బతుకుతూ లాలాజల గ్రంథులకు చేరుతుంది. రెండు సందర్భాల్లోనూ ఐకోసనాయిడ్లకు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లాన్ని బయటి నుంచి అందిస్తే కణాల స్పందన తిరిగి పుంజుకుంది. రాంజెలీకి బంధువైన ట్రిపనోసోమా క్రూజీ అదే నల్లిలో పేగు దాటదు కాబట్టి దానికి ఈ ఎత్తు అవసరమే పడదు.

ఇంత రక్షణ అందరికీ ఎందుకు లేదు?

ఖర్చు వల్ల. డ్రోసోఫిలాను అసోబారా కందిరీగకు గురిచేసి, బతికినవాటినే తర్వాతి తరానికి ఎంచుకుంటూ పోతే, గుడ్డును బంధించగల లార్వాల వాటా సుమారు 5 శాతం నుంచి ఐదు తరాల్లోనే సగానికి మించింది. 1997లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది: ఆహారం పుష్కలంగా ఉన్నప్పుడు ఈ వంశానికి లోటేమీ లేదు, ఆహారం తక్కువైతే మామూలు లార్వాలతో పోటీలో వెనకబడింది. తర్వాత లెక్కిస్తే ఈ వంశపు లార్వాల రక్తంలో హీమోసైట్ల సాంద్రత దాదాపు రెట్టింపు ఉంది. కణాలకు అయ్యే పోషణ ఎక్కడి నుంచో రావాలి కదా. సోకిన లార్వాలో రక్తకణాలు అడెనోసిన్ అనే సంకేత పదార్థాన్ని వదిలి మిగతా కణజాలాల ఎదుగుదలను మందగింపజేసి, శక్తిని తమవైపు మళ్లించుకుంటాయని కూడా తేలింది. నోని పండు మీద బతికే డ్రోసోఫిలా సెకెల్లియా అనే జాతి ఏకంగా లామెల్లోసైట్లను తయారు చేసే సామర్థ్యాన్నే కోల్పోయింది.

పంటలకు, మలేరియాకు దీంతో పని

ఒక గొంగళిపురుగును అదుపు చేసే కందిరీగ, చూడటానికి అలాంటిదే అయిన ఇంకో పురుగు మీద విఫలం కావడానికి తరచూ రక్తకణాలే కారణం. దాని విషం, వైరస్ ఒక ఆతిథేయి (పరాన్నజీవి ఆశ్రయించే జీవి) కణాలకు సరిపడేలా రూపుదిద్దుకున్నవి. ఇతర కీటకాల గుడ్లలోనే తమ గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా లాంటి కందిరీగలు ఎన్నో జాతుల మీద పనిచేయడానికి ఒక కారణం ఇందులోనే ఉంది: కొత్తగా పెట్టిన గుడ్డులో ఎదురుతిరిగే రక్తకణాలు ఇంకా ఏర్పడి ఉండవు. సహజ శత్రువును ఎంపిక చేసేటప్పుడు వాతావరణంతో పాటు ఈ పొందికను కూడా ముందే పరీక్షించడం వృథా విడుదలలను తగ్గిస్తుంది.

మలేరియా విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26.3 కోట్ల కేసులు వచ్చాయి, సుమారు 5,97,000 మంది చనిపోయారు. దోమ రక్షణను పెంచితే వ్యాధి వ్యాపించే గొలుసు తెగుతుందన్న ఆశ సహేతుకమే. జాగ్రత్త పడవలసిన అంశం కూడా ఒకటుంది. టెప్1 గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ఎలుకల మలేరియా పరాన్నజీవితో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ప్రకృతిలో ఆ ప్రయోగాల్లో వాడిన దోమకు, ఆ పరాన్నజీవికి పరిచయమే లేదు. మనుషుల ప్రాణాలు తీసే ప్లాస్మోడియం ఫాల్సిపారమ్‌కు పిఎఫ్ఎస్47 అనే ప్రోటీన్ ఉంది, దాని సాయంతో అది టెప్1 దాడిని తప్పించుకుంటుందని 2013లో తేలింది. ఈ ప్రోటీన్ రూపాలు ఖండాన్ని బట్టి మారతాయి; ఆఫ్రికా పరాన్నజీవి ఆఫ్రికా దోమలో సాఫీగా బతుకుతుంది, అమెరికా ఖండపు అనాఫిలిస్ అల్బిమానస్‌లో తడబడుతుంది. కాబట్టి ఒక దోమ, ఒక పరాన్నజీవి జంటలో వచ్చిన ఫలితాన్ని ఇంకో ప్రాంతానికి అలాగే మోసుకెళ్లలేం. రక్షణ పెంచిన దోమను వదలాలనుకునే చోటి పరాన్నజీవులతోనే ముందు పరీక్షించాలి, దాని ఒత్తిడికి కొత్త పిఎఫ్ఎస్47 రూపాలు తలెత్తుతున్నాయేమో విడుదల తర్వాత కూడా గమనిస్తూ ఉండాలి.